మనవాళ్ళు ఎవరికైనా ఏమైనా నేర్పుతున్నారా?

పోయిన ఆగస్టు 9న, ప్రపంచ ఆదివాసీ దినం నాడు, నేనొక తప్పు చేశాను. ముందు అది చెప్పి, తర్వాత మిగతా విషయాల్లోకి వస్తాను.

నేను విశాఖలో గాజువాక వైపు ఒక బడిలో టీచర్ని. పుట్టింది అనంతగిరి కొండల్లో, కొండదొర కుటుంబంలో. ఆ రోజు సభకి పిల్లల చేత ఒక నృత్యం చేయించమని నాకు చెప్పారు. బడిలో ఆదివాసీ టీచర్ని నేనొక్కదాన్నే కాబట్టి ఇలాంటివన్నీ నాకే వస్తాయి. వేషాలు అద్దెకిచ్చే కొట్టుకెళ్ళి ‘ట్రైబల్ డ్రెస్సులు’ కావాలన్నాను. ప్లాస్టిక్ ఆకుల లంగాలు, ఈకల కిరీటాలు, బుగ్గలకి పూసే తెల్లరంగు ఇచ్చారు. తెచ్చి పిల్లలకి కట్టాను. సభంతా చప్పట్లు. ఫొటోలు మా తమ్ముడి ఫోనుకి పంపితే వాడు అమ్మకి చూపించాడు. సాయంత్రం అమ్మ ఫోను చేసింది.

“ఏటమ్మా ఆ ఏసాలు? ఈలు ఏ ఊరోలు?”

నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ ధింసా ఆడేటప్పుడు భుజం మీద ముడేసిన చీర కడుతుంది, కాళ్ళకి అందెలు పెడుతుంది. మా ఇంట్లో ఎవరూ ఈకలు పెట్టుకోలేదు. మరి ఆ వేషం నాకెక్కణ్ణుంచి వచ్చింది? చిన్నప్పటి నుంచి చూసిన సినిమాల్లోంచి వచ్చింది. సినిమా నాకు నేర్పిన పాఠాన్ని నేను నలభై మంది పిల్లలకి నేర్పాను. పైగా ఆదివాసీ టీచర్ని కాబట్టి, నేను చెప్తే అదే నిజమనుకున్నారు.

అప్పటి నుంచి ఏది చూసినా, ఏది చదివినా ఒక ప్రశ్న వేసుకుంటున్నాను. ఇందులో మనవాళ్ళు ఎవరికైనా ఏమైనా నేర్పుతున్నారా? లేక ఎప్పుడూ నేర్చుకునేవాళ్ళేనా, ఆడి చూపించేవాళ్ళేనా? ఈ మధ్య నాకు నచ్చిన ఆటలు, సినిమాలు, పుస్తకాలు, పాటల గురించి ఈ సంచికకి రాయమన్నారు. ఆ ప్రశ్న చేతిలో పెట్టుకునే రాస్తున్నాను.

సినిమా

మా ఊరి పక్క నుంచే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం పోతుంది. బైలదిల్లా ఇనపరాయి దాని మీదే విశాఖ పోర్టుకి దిగుతుంది. కొండ దిగి రాయి వెళ్తుంటే, కొండెక్కి సినిమా వస్తుంది. మా ఊళ్ళో ఇప్పుడు ఫోను లేని ఇల్లు లేదు. 2022లో వచ్చిన ‘ఆర్‌ఆర్‌ఆర్’ని పిల్లలు ఎన్నిసార్లు చూశారో లెక్క లేదు. ఈ వేసవిలో మా మేనల్లుళ్ళతో కూర్చుని నేనూ మళ్ళీ చూశాను. పాటలకీ పోరాటాలకీ వాళ్ళతో పాటు నేనూ ఈల వేశాను. దాచుకోవడం దేనికి?

ఈసారి కొన్ని సన్నివేశాలు ఆగి చూశాను. పాము కాటేసిన రామ్‌ని బతికించేది భీమ్ తెలిసిన పసరు. జైల్లోంచి తప్పించాక రామ్ దెబ్బలకి మందు పెట్టేదీ భీమే. అంటే ఈ మనిషికి వైద్యం తెలుసు, అడవి తెలుసు అని ఆ సినిమాకే తెలుసు. కాని చివరికొచ్చేసరికి నీకేం కావాలని రామ్ అడుగుతాడు. తనకీ తనవాళ్ళకీ చదువు కావాలని భీమ్ అడుగుతాడు. జల్, జంగల్, జమీన్ అన్న మాటలు రామ్ చేతి రాతగా జెండా మీదికి వస్తాయి.

అక్కడ నా ఈల ఆగిపోయింది. ఇది కల్పిత కథ అని వాళ్ళే చెప్పుకున్నారు, ఒప్పుకుంటాను. కాని నిజం కథ తెలిసినవాళ్ళకి ఆ ముగింపు గుచ్చుకుంటుంది. ఊరు విడిచి చాందాకి పారిపోయిన కొమురం భీమ్, అక్కడ ప్రెస్సు నడిపే విఠోబా దగ్గర పనిచేస్తూ చదవడం రాయడం నేర్చుకున్నాడని, తర్వాత అస్సాం తేయాకు తోటల్లో పనిచేశాడని ఆయన జీవితకథల్లో చెబుతారు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకి పడిపోయిన ఆ గోండు వీరుడి నినాదంగానే జల్, జంగల్, జమీన్ మనందరికీ తెలుసు. ఆయన మాటని ఆయనకే ఇంకొకరు రాసిచ్చినట్టు చూపించారు. చదువు కావాలని అడగడం తప్పు కాదు. నా జీతమే చదువు మీద. కాని పసరు తెలిసిన మనిషి దగ్గర రామ్ కూడా ఏదో ఒకటి నేర్పమని అడిగి ఉంటే ఎంత బాగుండేది!

అల్లూరి సంగతీ ఇంతే. మన్యం తిరుగుబాటు అనగానే పిల్లలు ఒక్క పేరు చెబుతారు. గాం గంటందొర, మల్లుదొర పేర్లు అడిగితే తలలు దించుకుంటారు. కొండదారులు, కొండ మనుషులు తెలిసిన అలాంటివాళ్ళు లేకుండా 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా మూడు రోజుల్లో దాడులు జరిగేవా? అండమాన్ శిక్ష అనుభవించి వచ్చిన మల్లుదొర 1952 ఎన్నికల్లో ఈ విశాఖపట్నం నుంచే లోక్‌సభకి గెలిచాడు. ఆ సంగతి మా తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు “నిజమా టీచర్?” అన్నారు. ఆ కథ మీద సినిమా వస్తే మొదటి ఆట టికెట్టు నాదే.

ఈ ప్రశ్న మనవాళ్ళు లేని సినిమాకి కూడా పనికొస్తుంది. 2024లో వచ్చిన ‘35 - చిన్న కథ కాదు’ చూడండి. తిరుపతి కథ. సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుంది అని ఒక పిల్లాడు అడుగుతాడు. లెక్కల మాస్టారు వాణ్ణి ‘జీరో’ అంటాడు. చదువు ఆపేసిన తల్లి, కొడుకు కోసం మళ్ళీ లెక్కలు పట్టుకుంటుంది. ఆ పిల్లాడి ప్రశ్న పెద్దవాళ్ళకి పాఠం నేర్పుతుంది. మా తరగతిలో వెనక బల్ల మీద ఎంతమంది సున్నాలున్నారో, వాళ్ళ ప్రశ్నలు నేను ఎన్నిసార్లు వినిపించుకోలేదో ఆ రాత్రి లెక్కేసుకున్నాను. టీచర్లందరూ చూడవలసిన సినిమా.

ఒక చిన్న డాక్యుమెంటరీ గురించి కూడా చెప్పాలి. 2023లో ఆస్కార్ గెలిచిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’. నీలగిరి కొండల్లో ముదుమలై దగ్గర బొమ్మన్, బెళ్ళి అనే కట్టునాయకన్ ఆదివాసులు తల్లిలేని ఏనుగు పిల్లల్ని సాకుతారు. గంట కూడా ఉండదు. బెళ్ళి ఏనుగు పిల్లకి ముద్దలు పెడుతూ విసుక్కుంటుంటే మా అమ్మ దూడల్ని తిట్టడమే గుర్తొచ్చింది. ఇక్కడ తెలిసినవాళ్ళు బొమ్మన్, బెళ్ళి, మనం నేర్చుకునేవాళ్ళం. ఒక లోటు మాత్రం ఉంది. పులుల కోసం, ఏనుగుల కోసం అడవుల్లోంచి ఖాళీ చేయించిన గూడేల మాట అందులో రాదు. అడవిని ఇంత బాగా చూసుకునేవాళ్ళని అడవిలోంచి ఎందుకు పంపుతున్నారు అన్న ప్రశ్న, సినిమా అయ్యాక పిల్లల్ని మనమే అడగాలి.

ఆట

మా బడిలో మధ్యాహ్నం అన్నాలయ్యాక మగపిల్లల మాటలన్నీ ఫ్రీ ఫైర్ గురించే. మా అబ్బాయీ అంతే. నేను తిట్టి ఊరుకోను, పక్కన కూర్చుని చూశాను కూడా. నలుగురు జట్టుకట్టి ఒకర్నొకరు కాచుకోవడం అందులో ఉంది, అది మంచిదే. కాని ఆట అయ్యాక పిల్లలకి మిగిలేది ఇంకో ఆట ఆడాలన్న యావ.

ఈ ఏడాది వాళ్ళకి పులి-మేక నేర్పుదామనుకున్నాను. కొన్ని ఊళ్ళల్లో పులిజూదం అంటారు. నాకు మా మామ్మ నేర్పింది, ఊరి బయట బండ మీద. పులులకి గులకరాళ్ళు, మేకలకి చింతపిక్కలు. మూడు పులులు, పదిహేను మేకలు. పక్కనున్న మేక మీంచి దూకి అవతలి ఖాళీలో పడితే పులి దాన్ని తిన్నట్టు. మేక పులిని తినలేదు. మేకలు గెలవాలంటే ఒకటే దారి, పులులు కదలకుండా చుట్టూ కట్టేయాలి. కొత్తగా ఆడేవాళ్ళు పులి పక్షమే కోరతారు. నాలుగు ఆటలయ్యాక తెలుస్తుంది, ఓపికుంటే మేకలదే పైచేయి అని. మేక వెనక ఖాళీ ఉంటేనే పులి దూకగలదు. వెనక ఇంకో మేక నిలబడితే పులికి దారి లేదు. మా మామ్మ ఏ సంఘం మీటింగుకీ వెళ్ళలేదు. సంఘం అంటే ఏమిటో నాకు చింతపిక్కలతో చెప్పింది.

తరగతి గదిలో నేల మీద సుద్దతో గళ్ళు గీశాను. పిల్లలు చుట్టూ మూగారు. ఇంతలో వెనక నుంచి ఒక గొంతు.

“టీచర్, ఆ గీత తప్పు.”

ఏడో తరగతి పిల్లాడు. పాడేరు వైపు నుంచి తల్లిదండ్రులు భవనాల పనికి వస్తే వాళ్ళతో వచ్చాడు. అటెండెన్సు పిలిచినప్పుడు తప్ప వాడి గొంతు ఎవరూ వినలేదు. సుద్దముక్క వాడి చేతికిచ్చాను. గీత చెరిపి సరిగ్గా గీశాడు. నిజమే, నేను మర్చిపోయాను. తర్వాత నాలుగు రోజులు ఆ గదిలో మాస్టారు వాడే. ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాళ్ళ పిల్లలు, పోర్టు కూలీల పిల్లలు వాడి ముందు కూర్చుని మేకల్ని ఎలా పెట్టాలో నేర్చుకున్నారు. ఓడిపోయినవాళ్ళు “ఇంకోపాలి చెప్పరా” అని వెంటపడ్డారు. వాడి పరీక్ష మార్కులు పెద్దగా మారలేదు. ఇప్పుడు పాఠంలో తెలియనిది వస్తే చెయ్యెత్తుతున్నాడు. ఒక్కసారి నేర్పినవాడికి అడగడం సిగ్గనిపించదు.

టీవీలో, ఫోన్లో చూసిన ఆటల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది 2025 నవంబరులో కొలంబోలో ముగిసిన అంధ మహిళల టి20 ప్రపంచ కప్. అదే మొదటిసారి పెట్టడం. ఫైనల్లో మన జట్టు నేపాల్‌ని ఏడు వికెట్ల తేడాతో ఓడించింది. ఆ జట్టులో మన పాడేరు ప్రాంతపు పాంగి కరుణ కుమారి ఉంది. ఒడిశా ఆదివాసీ అమ్మాయి ఫూలా సరేన్ ఫైనల్లో 44 పరుగులు చేసి అవుటవకుండా నిలిచింది. ఈ క్రికెట్‌లో బంతి ప్లాస్టిక్‌ది, లోపల గలగలలాడే గుళ్ళుంటాయి. చెయ్యి కిందనుంచి వేస్తారు. బంతి చప్పుడు విని కొట్టాలి, చప్పుడు విని ఆపాలి. మర్నాడు మా పిల్లలు ప్లాస్టిక్ సీసాలో గులకరాళ్ళు పోసి, కళ్ళకి గంతలు కట్టుకుని ఆడారు. మొదట గోలలో ఎవరికీ బంతి చప్పుడు వినపడలేదు. చూసేవాళ్ళు నోరు మూసుకుంటేనే ఆడేవాళ్ళు ఆడగలరని వాళ్ళకి వాళ్ళే తెలుసుకున్నారు. కేకలేసి నేను ఇన్నేళ్ళలో నేర్పలేనిది ఆ ఆట ఒక్క పూటలో నేర్పింది.

పుస్తకం

రెండు పుస్తకాలు చెబుతాను. మొదటిది ‘ఎవరిదీ అడవి?’. బిర్సా ముండా మీద మహాశ్వేతా దేవి బెంగాలీలో రాసిన నవల, 1979లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. తెలుగు చేసింది సహవాసి. 1900 జూన్ 9న రాంచీ జైల్లో బిర్సా చనిపోవడంతో కథ మొదలవుతుంది. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు నిండలేదు. ఆ పుస్తకంలో నన్ను వదలనిది ఉప్పు. ముండాలకి రోజూ జావే, అందులోకి ఉప్పు దొరకడమే భాగ్యం. ఉప్పు కోసం, కిరసనాయిలు కోసం మనవాళ్ళు సంతలో ఎంత చింతపండు, ఎంత పిప్పళ్ళు పోసి వచ్చేవారో మన పెద్దల్ని అడగండి. తులాలు తెలియనందుకు ఎంత పోయిందో కూడా అడగండి. బిర్సా మిషన్ బడికి వెళ్ళి బయటికొచ్చేసినవాడు. ధానీ ముండా లాంటి ముసలివాళ్ళ కథలే ఆయనకి ఇంకో బడి. రాసినావిడ మనజాతి మనిషి కాదు. అయినా వినడం తెలిసిన మనిషి. ఇక కొండ మాటని కొండ మనిషే రాస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మన జాతాపు రచయిత మల్లిపురం జగదీశ్ కథలు ‘శిలకోల’ చదవండి, పిల్లల చేత చదివించండి.

రెండోది చెబితే నవ్వుతారేమో. అది వ్యాకరణం. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లో ఇంగ్లీషులో వెలువరించిన ‘కొండ ఆర్ కుబి’. కుబి మా కొండదొరల భాష. మా మామ్మ మాట్లాడేది. మా నాన్న సగం సగం. నాకు రాదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని రోజుకి రెండు పేజీలు చదువుతున్నాను. ఇంగ్లీషులోంచి మా మామ్మ భాషని నేర్చుకోవడం ఎంత తలకిందుల పని! అయినా ఒక్కో మాట పైకి చదివినప్పుడు మామ్మ గొంతు వినిపిస్తుంది. అంత పెద్ద పండితుడికి ఈ మాటలు ఎవరు చెప్పి ఉంటారు? కొండ మీద పొలం పని ఆపి, అరుగు మీద కూర్చుని, ఒకటికి పదిసార్లు పలికి చూపించింది మనవాళ్ళే. ఆ పుస్తకానికి మొదటి గురువులు వాళ్ళు.

పాట

రుషికొండ వైపు హోటళ్ళలో, బీచ్ ఉత్సవాల్లో ధింసా ఆడిస్తున్నారు. పది నిమిషాలు, స్టేజీ మీద, ఎదురుగా కెమెరాలు. ఆడేవాళ్ళకి నాలుగు డబ్బులొస్తాయి కాబట్టి వద్దనను. కాని ఇటికల పండగకి ఊళ్ళో ఆడే ధింసాకి ఎదురుగా చూసేవాళ్ళంటూ ఉండరు. మోరి, తుడుము మోగుతుంటే ఒకరి నడుం ఒకరు పట్టుకున్న వరస పొడుగవుతూ ఉంటుంది. రానివాళ్ళు ఆ వరస చివర చేరి, పక్కవాళ్ళ అడుగు చూసి నేర్చుకుంటారు. స్టేజీ మీదికి ఎక్కించినప్పుడు పోయేది ఆ వరస చివరి చోటు.

పాటలో ఆ నేర్పడం ఎలా ఉంటుందో వినాలంటే గోదావరి ఒడ్డుకి వెళ్ళాలి. మణుగూరు దగ్గర కూనవరం వాడు సకిని రామచంద్రయ్య, కోయ డోలి కళాకారుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్‌లో చనిపోయాడు. డోలి వాయిస్తూ కోయల వంశాలు, సమ్మక్క సారలమ్మల కథ పాడేవాడు. ఆయన పాటల వీడియోలు రాత్రిళ్ళు ఫోన్లో వింటున్నాను. కోయ మాటలు నాకు అర్థం కావు. కథ ముందు తెలుగులో తెలుసుకుని మళ్ళీ విన్నాను. మేడారం జాతరకి లక్షల మంది వెళ్తారు. ఆ తల్లుల కథని కోయలు తమ పాటలో ఎలా చెప్పుకుంటారో విన్నవాళ్ళు ఎంతమంది? కాగితం లేకుండా ఒక జాతి చరిత్రని గుండెలో మోసిన మనిషి అతను. మనం డి.ఎడ్.లో చదివిన బోధనా పద్ధతుల పుస్తకాల్లో అలాంటి గురువు పేరు ఒక్కటీ లేదు.

చివరిగా

ఇదంతా చదివి, ఈ టీచరమ్మ సినిమాని సినిమాలా చూడనివ్వదు అనుకోకండి. ఈలలు వేయండి, చప్పట్లు కొట్టండి. అయ్యాక ఒక్క నిమిషం ఆ ప్రశ్న వేసుకోండి. తరగతిలో పిల్లల చేత వేయించండి. వాళ్ళు నాకన్నా బాగా జవాబు చెబుతారు.

ఈ ఏడాది ఆగస్టు 9కి వేషాల కొట్టుకి వెళ్ళను. అమ్మని రమ్మన్నాను, పిల్లలకి ధింసా అడుగులు నేర్పమని. ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది:

“నానేటి నేర్పగలనే? నాకు సదువు రాదు గదా.”

కొండ మీద డెబ్భై ఏళ్ళు బతికిన మనిషి ఆ మాట అంది. ఆ మాట ఆవిడకి ఎవరు నేర్పారు? సినిమాలు కొంత, బడులు కొంత. బళ్ళో ఉన్నది నేనే కాబట్టి ఆ పాపంలో నాకూ వాటా ఉంది. ఎలాగైనా తీసుకొస్తాను.

మీ అందరికీ ఒక పని చెబుతాను. పులి-మేకకి మా మామ్మ కుబిలో ఒక పేరు చెప్పేది. ఎంత ఆలోచించినా నాకది గుర్తు రావడం లేదు. అడుగుదామంటే మామ్మ లేదు, మా నాన్నకీ తెలీదు. మీ ఊళ్ళో ఆ ఆటని మీ భాషలో ఏమంటారో, కువిలోనో సవరలోనో గదబలోనో ఆదివాసీ ఒడియాలోనో, మీ ముసలివాళ్ళని అడిగి రాసి పంపండి. గళ్ళు ఎలా గీస్తారో కూడా గీసి పంపండి. మా తరగతి గోడ మీద రాసుకుంటాం, నేర్పినవాళ్ళ పేరుతో సహా.